సీపాప్ మెషీన్‌ను అటకెక్కించకండి

గురక, స్లీప్ యాప్నియా: పాఠకుల ప్రశ్నలకు నిద్రవ్యాధుల వైద్యులు, స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్ల జవాబులు

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు గురించి విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన బాధ ఒకటే: మెషీన్ కొన్నాం, వాడలేకపోతున్నాం. ఆ మెషీనే సీపాప్: మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపి, నిద్రలో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మెషీన్ మూలకు చేరడానికి చాలావరకు చిన్న కారణాలే ఉంటాయి. సైజు కుదరని మాస్కు, మూసుకుపోయిన ముక్కు, కొన్న రోజు నుంచీ ఎవరూ ముట్టుకోని ప్రెషర్ సెట్టింగు. మూడింటికీ విరుగుడు ఉంది. అందుకని పరీక్ష గురించి కొంత, మెషీన్ అలవాటు చేసుకోవడం గురించి ఇంకాస్త ఎక్కువ రాస్తున్నాం.

ప్రశ్న: మా వారికి 48 ఏళ్లు. వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం. గురక పక్కగదిలోకి వినిపిస్తుంది. మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపటికి ఉక్కిరిబిక్కిరై కదిలి, మళ్లీ గురక మొదలెడతారు. పొద్దున అడిగితే 'నేను హాయిగా పడుకున్నా' అంటారు. పరీక్షకు ససేమిరా రానంటున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, భవానీపురం

జవాబు: ఆయన అబద్ధం చెప్పడం లేదమ్మా. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు మేలుకొంటుంది, కానీ అది కొన్ని సెకన్లే కాబట్టి పొద్దునకు గుర్తుండదు. కాబట్టి వాదించకండి, చూపించండి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య, ఆయన వెల్లకిలా ఉన్నప్పుడు, ఛాతీ, పొట్ట రెండూ కనిపించేలా ఫోన్‌లో ఐదు నిమిషాలు వీడియో తీయండి. గురక ఆగిన క్షణం నుంచి ఛాతీని చూడండి. శబ్దం ఉండదు గానీ శ్వాస తీసుకునే ప్రయత్నం సాగుతూనే ఉంటుంది. పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంది. తర్వాత పెద్దగా గుర్రుమంటూ గాలి లోపలికి వెళుతుంది. గొంతు వెనక భాగం మూసుకుపోయిందనడానికి ఇది మంచి ఆనవాలు. అలా పది సెకన్లు, అంతకు మించి ఆగితే ఒక యాప్నియా కింద లెక్క.

వైద్యులు అడిగే ఎనిమిది ప్రశ్నలు మీరూ వేసుకోవచ్చు: పెద్ద గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవారు కావడం. మూడు 'అవును'లు వస్తే అనుమానించాలి, ఐదు, అంతకు మించి వస్తే పరీక్ష వాయిదా వేయకూడదు. పొద్దున తలనొప్పి, రాత్రి రెండుమూడుసార్లు మూత్రానికి లేవడం, రెండుమూడు రకాల మాత్రలు వాడినా దిగని బీపీ, మధ్యాహ్నం కౌంటర్ దగ్గరే కునుకు, వీటిని కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి. రాత్రి మూత్రాన్ని షుగరు మీదికో ప్రొస్టేట్ మీదికో తోసేసి ఏళ్లు గడిపేవాళ్లు ఎందరో.

ఇంకో మాట. ఆడవారిలో ఈ జబ్బు ఇంత చప్పుడు చేయదు. ముట్లు ఆగిన తర్వాత నిద్ర పట్టకపోవడం, పొద్దున లేవగానే నీరసం, తలనొప్పి, దిగులు రూపంలో వస్తుంది. మీకు అలాంటివి ఉంటే మీ పేరూ రాయించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. గుండెకు స్టెంట్ వేశారు, పంపింగ్ తక్కువగా ఉందన్నారు. ఒక ల్యాబ్ వాళ్లు ఇంటికే వచ్చి నిద్ర పరీక్ష చేస్తామంటున్నారు. ఆసుపత్రిలో చేసే పరీక్షకూ దీనికీ తేడా ఏమిటి? అన్ని వైర్ల మధ్య అసలు నిద్ర పడుతుందా?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: పంపింగ్ తక్కువ ఉన్నవారికి ఇంటి పరీక్ష వద్దు. గుండె బలహీనంగా ఉన్నప్పుడు గొంతు తెరిచే ఉన్నా, శ్వాస తీసుకోమనే ఆదేశం మెదడు నుంచి రాక ఊపిరి ఆగే రకం కూడా ఉండొచ్చు. దాన్ని సెంట్రల్ యాప్నియా అంటారు, చికిత్స వేరు. రెండింటినీ విడదీసి చెప్పడానికి ఆసుపత్రి పరీక్షే సరైనది. పక్షవాతం వచ్చినవారు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారు, మార్ఫిన్ వంటి నొప్పి మందులు వాడేవారు కూడా ల్యాబ్‌కే వెళ్లాలి. మిగతా ఆరోగ్యం బాగుండి, గురక, పగటి నిద్ర స్పష్టంగా ఉన్నవారికి ఇంటి పరీక్ష సరిపోతుంది.

ఇంటి పరికరంలో ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు ఉంటాయి. మెదడు తరంగాలను చూసే వైర్లు ఉండవు, కాబట్టి మనిషి ఎప్పుడు నిద్రపోయాడో దానికి తెలియదు. లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. పరికరం ఎనిమిది గంటలు నడిచింది, ఊపిరి 60 సార్లు ఆగింది. గంటకు 7.5 అని రిపోర్టు వస్తుంది. నిజంగా నిద్రపోయింది నాలుగు గంటలే అయితే అసలు సంఖ్య 15. అందుకే ఇంటి పరీక్షలో 'జబ్బు ఉంది' అని వస్తే నమ్మొచ్చు. 'లేదు' అని వచ్చి లక్షణాలు మాత్రం గట్టిగా ఉంటే ల్యాబ్ పరీక్ష చేయించాల్సిందే. మెషీన్ తనంతట తాను ఇచ్చిన అంకె మీద ఆగిపోకుండా, అసలు రికార్డింగును డాక్టరు చూశారా అని అడగండి.

ల్యాబ్‌లో తలకు, కళ్ల పక్కన, గడ్డం కింద, ఛాతీకి, కాళ్లకు కలిపి ఇరవై దాకా వైర్లు అంటిస్తారు. సూదులు లేవు, కరెంటు పెట్టరు. అన్ని వైర్లూ ఒక చిన్న డబ్బాలోకి చేరతాయి. బాత్రూమ్‌కు వెళ్లాలంటే టెక్నీషియన్ ఆ డబ్బాను విడదీసి చేతికిస్తారు. నిద్ర మామూలంత పట్టకపోయినా ఫర్వాలేదు, జబ్బు ఉందో లేదో తేల్చడానికి కొన్ని గంటలు చాలు.

వెళ్లేముందు తలస్నానం చేసి, నూనె రాయకుండా రావాలి. కొబ్బరినూనె ఉంటే తల మీద అంటించినవి అర్ధరాత్రి ఊడిపోతాయి, పరీక్ష సగం పాడవుతుంది. చూపుడువేలికి నెయిల్‌పాలిష్, నల్ల గోరింటాకు ఉంటే ఆక్సిజన్ రీడింగు తప్పొచ్చు. ఆ రోజు మధ్యాహ్నం కునుకు వద్దు, భోజనం తర్వాత కాఫీ, టీలు వద్దు, మద్యం అసలే వద్దు. బీపీ, షుగరు మాత్రలు మామూలుగా వేసుకోవాలి. నిద్రమాత్ర అలవాటు ఉంటే సొంతంగా ఆపకుండా ముందే డాక్టరుకు చెప్పండి. వదులుగా ఉండే, ముందు బొత్తాలున్న చొక్కా, లుంగీ, తన దిండు తెచ్చుకుంటే నాన్నగారికి కాస్త ఇల్లులా ఉంటుంది.

మొదటి రెండు గంటల్లోనే జబ్బు తీవ్రంగా కనిపించి, రాత్రి ఇంకా మూడు గంటలైనా మిగిలి ఉంటే అక్కడే సీపాప్ పెట్టి ప్రెషర్ చూస్తారు. దీన్ని స్ప్లిట్ నైట్ అంటారు. మీ ల్యాబ్‌లో ఆ పద్ధతి ఉందా, దానికి వేరే ఫీజు ఉందా అని ముందే కనుక్కోండి. సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ ఊపిరితిత్తుల వైద్యుల్ని అడిగితే దారి చెబుతారు. మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా పల్మనరీ మెడిసిన్ విభాగం ఉంది. బీమా విషయంలో ఒక జాగ్రత్త: కేవలం పరీక్ష కోసం ఆసుపత్రిలో చేరితే చాలా పాలసీలు డబ్బివ్వవు, ముందుగా రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: రిపోర్టులో ఏహెచ్ఐ 38, కనిష్ఠ ఆక్సిజన్ 74 అని ఉంది. భయపడాలా? బైపాప్ కొనమంటున్నారు.
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఏహెచ్ఐ అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగా ఆగిందో, బాగా తగ్గిందో ఆ మొత్తం. పెద్దవారిలో 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మీది తీవ్రమే, చికిత్స ఆలస్యం చేయకండి. 74 అనేది ఒక్క క్షణం అంకె కావచ్చు. దానికంటే ఆక్సిజన్ 90 కింద మొత్తం ఎన్ని నిమిషాలు ఉందో చూడండి, అది రిపోర్టులోనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత అన్నదీ వేరుగా రాస్తారు.

బైపాప్ అంటే ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ప్రెషర్ ఇచ్చే మెషీన్. మామూలు గొంతు మూసుకునే రకానికి సీపాపే మొదటి మందు. ఊబకాయంతో పాటు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయినా, సీపాప్ ఎక్కువ ప్రెషర్ తట్టుకోలేకపోయినా బైపాప్ గురించి ఆలోచిస్తారు. రక్తంలో బైకార్బొనేట్ 27, ఆపైన ఉంటే ధమని రక్తపరీక్ష చేయించి తేల్చుకుంటారు. 'నాకు బైపాప్ ఎందుకు?' అని డాక్టరును అడగడం మీ హక్కు. జవాబు రిపోర్టులో చూపించగలగాలి.

ప్రశ్న: రిటైర్డ్ టీచరును, 61 ఏళ్లు. ఏహెచ్ఐ 46. ఆటో సీపాప్, ముక్కూ నోరూ మూసే మాస్కు ఇచ్చారు. రెండు వారాలైంది. పడుకోగానే గాలి చాలనట్టు ఉంటుంది. అర్ధరాత్రి కళ్లలోకి గాలి కొడుతుంది. నోరు ఎండిపోతుంది, ముక్కు దూలం కందిపోయింది. రెండింటికి లేచి చూస్తే మాస్కు పక్కన పడి ఉంటుంది. పొట్ట ఉబ్బరం కూడా. ఇక నా వల్ల కాదనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట

జవాబు: మాస్టారూ, మీరు రాసిన ప్రతి ఇబ్బందికీ వేరే కారణం ఉంది. ఒక్కొక్కటే తీసుకుందాం. ఒకే రాత్రి అన్నీ మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

*గాలి చాలకపోవడం.* మెషీన్ మొదట తక్కువ ప్రెషర్, అంటే 4 (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) దగ్గర మెల్లగా మొదలై పైకి వెళ్లేలా ర్యాంప్ అనే సెట్టింగు పెడతారు. కొత్తవాళ్లకు సుఖంగా ఉంటుందని అలా చేస్తారు గానీ, పెద్ద మాస్కు వేసుకున్నవారికి 4లో ఊపిరి ఆడనట్టు అనిపించడం మామూలే. మొదలయ్యే ప్రెషర్‌ను 6కు పెంచితే చాలామందికి ఆ బాధ ఆ రాత్రే తగ్గుతుంది. ఆటో మెషీన్లు (అవసరాన్ని బట్టి ప్రెషర్‌ను తామే మార్చుకునేవి) 4 నుంచి 20 దాకా బార్లా తెరిచి ఇస్తుంటారు. మాకు నచ్చని అలవాటు ఇది. వారం పది రోజుల డేటా చూస్తే రాత్రిలో ఎక్కువ సేపు ఏ ప్రెషర్ అవసరమైందో తెలుస్తుంది. దాని చుట్టూ రేంజిని బిగించమని మీ డాక్టరును అడగండి. ఉదాహరణకు అవసరం 11 దగ్గర ఉంటే 8 నుంచి 13. సెట్టింగు డాక్టరు చెప్పాకే మార్చాలి.

*కళ్లలోకి గాలి, దూలం కందడం.* ఈ రెండూ ఒకే తప్పు నుంచి వస్తాయి. గాలి కారుతోందని పట్టీలు బిగిస్తాం, బిగించేకొద్దీ ఇంకా కారుతుంది. ముఖానికి ఆనే సిలికాన్ కుషన్ పలుచని పొరతో ఉంటుంది. ప్రెషర్‌తో అది కొంచెం ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. గట్టిగా లాగితే మడతపడి, ఆ మడతలోంచే గాలి కళ్లలోకి పోతుంది. ఇలా చేయండి: ముఖం సబ్బుతో కడిగి తుడుచుకోండి, క్రీము, నూనె వద్దు. పడుకోండి. మెషీన్ ఆన్ చేయండి. మాస్కును ఒక సెంటీమీటరు ముఖం నుంచి పైకి లాగి, కుషన్ ఉబ్బగానే మెల్లగా వదలండి. ముందు పై పట్టీలు, తర్వాత కింది పట్టీలు సర్దండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. తర్వాత రెండు పక్కలకూ దొర్లి చూడండి. కూర్చుని బిగించిన మాస్కు పడుకుంటే వదులవుతుంది, ఎందుకంటే పడుకున్నప్పుడు బుగ్గల ఆకారం మారుతుంది.

అప్పటికీ కారుతుంటే సైజు తప్పు. ఒకే మోడల్‌లో చిన్న, మధ్య, పెద్ద సైజుల కుషన్లు దొరుకుతాయి. కొన్నచోటికి వెళ్లి పడుకుని, మెషీన్ నడుస్తుండగా వేసి చూపించమనండి. నిలబెట్టి చూపించి ఇచ్చేస్తే ఒప్పుకోవద్దు. గడ్డం ఉంటే పెద్ద మాస్కు అంచు అతకదు.

*నోరు ఎండడం.* మీ ముక్కు బాగా ఆడుతుందా? ఒక్కో రంధ్రం మూసి పరీక్షించుకోండి. బాగానే ఆడుతుంటే మీకు మొదట ఇవ్వాల్సింది ముక్కు మాస్కు. అది చిన్నది, కారేది తక్కువ, సాధారణంగా తక్కువ ప్రెషర్‌తోనే పని జరుగుతుంది. వేసుకున్నాక నోరు తెరుచుకుంటుంటే గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్‌ను ఒక మెట్టు పెంచి, దవడ కింద పట్టీ వాడి చూడండి. నోటికి టేపు అంటించుకోమని వీడియోల్లో చెబుతున్నారు. ముక్కు మూసుకునే అలవాటున్నవారు ఆ జోలికి పోవద్దు.

*రెండింటికి మాస్కు ఊడడం.* నిద్రలో మీ చేయే తీసేస్తోంది. కారణం దాదాపు ఎప్పుడూ పైవాటిలో ఒకటి. మెషీన్‌లోని డేటాలో ఆ సమయానికి ముందు లీక్ పెరిగిందేమో చూస్తే దొరికిపోతుంది. లీక్‌ను ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కిస్తుంది. రెస్‌మెడ్ మెషీన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. మెలకువ రాగానే మళ్లీ పెట్టుకోండి. 'సగం రాత్రి వాడాను కదా' అని వదిలేస్తే నష్టం ఎక్కువ, ఎందుకంటే కలలు వచ్చే నిద్ర తెల్లవారుజాము వైపే ఎక్కువగా ఉంటుంది. ఆ నిద్రలో గొంతు కండరాలు బాగా వదులై ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది. మాస్కు పక్కన పడి ఉండేది సరిగ్గా ఆ గంటల్లోనే.

*పొట్ట ఉబ్బరం.* గాలి మింగుతున్నారు. ప్రెషర్ రేంజి తగ్గిస్తే, లీకు ఆగితే ఇదీ చాలావరకు తగ్గుతుంది. తలవైపు మంచం కొంచెం ఎత్తు పెట్టండి, పక్కకు తిరిగి పడుకోండి. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ను 1 నుంచి 3 దాకా తగ్గించే సెట్టింగు ఉంటుంది, అది పెట్టించుకోండి.

పగలు కూడా అలవాటు చేసుకోవాలి. సాయంత్రం వార్తలు చూస్తూ అరగంట మాస్కు పెట్టుకుని కూర్చోండి. మొదట మాస్కు మాత్రమే చేత్తో ముఖానికి పట్టుకుని, తర్వాత పట్టీలతో, తర్వాత గాలితో. ఆపై మధ్యాహ్నం కునుకులో. ఇంకో నెల తర్వాత డేటాతో డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఎన్ని గంటలు వాడారు, లీక్ ఎంత, మెషీన్ చూపే ఏహెచ్ఐ 5 లోపుకు వచ్చిందా, ఈ మూడూ చూపించండి. అందులో 'క్లియర్ ఎయిర్‌వే' (గొంతు తెరిచే ఉన్నా ఊపిరి ఆగిన సందర్భాలు) సంఖ్య పెరిగినట్టు కనిపిస్తే చెప్పండి. కొందరిలో చికిత్స మొదట్లో సెంట్రల్ రకం తలెత్తుతుంది, చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది.

ప్రశ్న: మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. సీజన్ మొత్తం ముక్కు కారడం, మూసుకుపోవడం. రోజూ ముక్కులో చుక్కలు వేసుకుంటేగానీ సీపాప్ పెట్టుకోలేను.
– గుంటూరు

జవాబు: ముందు ఆ చుక్కల సీసా చూడండి. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ అని ఉంటే ఐదు రోజులకు మించి వాడకూడదు. మించితే మందు ప్రభావం దిగగానే ముక్కు మునుపటికంటే ఎక్కువ వాస్తుంది. అప్పుడు మళ్లీ చుక్కలు, మళ్లీ వాపు. డాక్టరును అడిగి స్టెరాయిడ్ స్ప్రేకు మారండి. అది వేసిన రాత్రే పనిచేయదు, రోజూ వేస్తే వారం రెండు వారాల్లో ఫలితం తెలుస్తుంది. కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో కొట్టుకోండి. అప్పుడు మందు మధ్య గోడకు కాకుండా పక్కలకు తగులుతుంది, రక్తం కారే అవకాశం తగ్గుతుంది.

యార్డు నుంచి రాగానే స్నానం చేసి, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర చెంచా కంటే కొంచెం తక్కువ ఉప్పు, చిటికెడు వంటసోడా. కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దు. అందులోని అమీబా ముక్కుగుండా మెదడుకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఘాటున్న బట్టలు, సంచులు పడకగదిలోకి తేకండి. మెషీన్ ఫిల్టరును మామూలుగా నెలకోసారి చూసి, ఆరు నెలల్లోపు మారుస్తారు. సీజన్‌లో మీరు వారం వారం చూడండి, రంగు మారితే మార్చేయండి. యార్డులో ముక్కూ నోరూ కప్పే ఎన్95 పెట్టుకుంటే సగం బాధ అక్కడే ఆగుతుంది. ఇవన్నీ చేసినా ఒకవైపు ఎప్పుడూ మూసే ఉంటే ఈఎన్‌టీ వైద్యులకు చూపించండి. ముక్కు ఆపరేషన్‌తో యాప్నియా పోవడం అరుదు గానీ, మాస్కు తట్టుకోవడం తేలికవుతుంది.

ప్రశ్న: హ్యూమిడిఫయర్‌లో ఆర్వో నీళ్లు పోయొచ్చా? గొట్టంలో నీళ్లు గుడగుడలాడుతున్నాయి. కరెంటు పోతే ఊపిరి ఆగిపోదు కదా?
– సత్యనారాయణపురం

జవాబు: డిస్టిల్డ్ వాటరే వాడాలి. మందుల షాపులోనో సర్జికల్ షాపులోనో దొరుకుతుంది. బ్యాటరీలకు పోసేది వద్దు, అది మనుషులు పీల్చడానికి చేసింది కాదు. ఆర్వో నీళ్లు ఒకటి రెండు రోజులు గత్యంతరం లేక పోసినా మెషీన్ పాడవదు, కానీ అలవాటైతే అడుగున తెల్లగా పేరుకుంటుంది. రోజూ పొద్దున మిగిలిన నీళ్లు పారబోసి, ఆరబెట్టి, రాత్రి కొత్తవి పోయాలి.

గుడగుడకు కారణం ఏసీ. వెచ్చని తేమగాలి చల్లని గొట్టంలో నీరవుతుంది. ఏసీ గాలి గొట్టం మీద నేరుగా పడకుండా చూడండి, గొట్టానికి గుడ్డ తొడుగు వేయండి, మెషీన్‌ను మంచం కంటే తక్కువ ఎత్తున్న స్టూలు మీద పెట్టండి. అప్పుడు నీరు వెనక్కే జారుతుంది. వానాకాలంలో మన కృష్ణా తీరంలో గాలిలోనే బోలెడు తేమ. ఏసీ లేని గదిలో హ్యూమిడిఫయర్ తగ్గించవచ్చు, కొందరు ఆపేస్తారు కూడా.

కుషన్‌ను రోజూ, గొట్టాన్ని వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి కడగండి. డెట్టాల్, స్పిరిట్, బ్లీచింగ్ వద్దు. నీడలో వేలాడదీయండి, మండే ఎండ సిలికాన్‌ను పాడుచేస్తుంది. పగలు గొట్టం చివర గుడ్డ కట్టి ఉంచితే చీమలు దూరవు.

కరెంటు పోయినా ఊపిరాడుతుంది. ముక్కు మాస్కయితే నోరు తెరిస్తే సరిపోతుంది. పెద్ద మాస్కులో బయటిగాలి వచ్చేలా వాల్వు ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టరు సైన్ వేవ్ రకమైతే మంచిది. హ్యూమిడిఫయర్ వేడి ఆపేస్తే మెషీన్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. బాగున్న 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక ఫ్యాన్‌తో పాటు దాన్ని రాత్రంతా నడుపుతుంది.

ప్రశ్న: తెలిసినవారి దగ్గర వాడిన మెషీన్ చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?
– మంగళగిరి

జవాబు: 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం సహా చాలా మోడళ్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిపొడిగా రాలి గాలిలో కలుస్తోందన్నది కారణం. వాడిన మెషీన్ చూసేటప్పుడు అది అలా వెనక్కి పిలిచినది కాదని మోడల్, సీరియల్ నంబరును బట్టి తేల్చుకోండి, మొత్తం నడిచిన గంటలూ చూడండి. మాస్కు, గొట్టం, ఫిల్టరు మాత్రం కొత్తవే కొనాలి. ఇంకొకరి ప్రెషర్ మీకు పనికిరాదు, డాక్టరు చేత మార్పించుకోండి. కొనేముందు ఒక నెల అద్దెకు తీసుకోవడం మాకు ఇంకా మంచి దారి అనిపిస్తుంది.

ప్రశ్న: జీవితాంతం ఇదేనా? బరువు తగ్గితే, ఆపరేషన్ చేయించుకుంటే పోదా? సీపాప్ వాడితే గుండెపోటు రాదంటున్నారు, నిజమేనా?
– గుణదల

జవాబు: ముందు చివరి ప్రశ్న. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ బృందం సీపాప్‌ను పరిచయం చేసినప్పటి నుంచి పగటి నిద్రమత్తు తగ్గించడంలో దీనికి సాటి రాలేదు. బీపీ కూడా సగటున 2, 3 పాయింట్లు దిగుతుంది. గుండెపోట్ల విషయంలో అంత గట్టిగా చెప్పలేం. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద పరిశోధనలో, అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బున్న 2,717 మందిలో సీపాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అయితే అందులో వాళ్లు సగటున వాడింది రాత్రికి 3.3 గంటలే. కాబట్టి బీపీ, గుండె మాత్రలు ఆపకండి, మెషీన్‌నూ రాత్రంతా వాడండి.

బరువు పది శాతం తగ్గితే ఏహెచ్ఐ సుమారు పావు వంతు తగ్గుతుందని 2000లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. తీవ్రమైన జబ్బున్నవారికి అది ఒక్కటే చాలదు, కానీ ప్రెషర్ తగ్గుతుంది. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర యాప్నియా ఉన్నవారికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో ఆమోదించింది. అందరికీ సరిపడే మందు కాదది, డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి. బరువు బాగా తగ్గాక మళ్లీ పరీక్ష చేయించకుండా మెషీన్ ఆపొద్దు.

స్వల్ప, మధ్యస్థ జబ్బుకు కింది దవడను ముందుకు నిలిపే పళ్ల పరికరం మంచి ప్రత్యామ్నాయం. పళ్ల కొలత తీసి చేయించాలి. వెల్లకిలా పడుకున్నప్పుడే జబ్బు వచ్చేవారికి పక్కకు తిరిగి పడుకునే ఏర్పాటు కొంత మేలు చేస్తుంది. పెద్దల్లో గొంతు ఆపరేషన్ ఫలితం మనిషిని బట్టి మారుతుంది. టాన్సిల్స్ బాగా పెద్దవిగా ఉన్నవారికి మేలు ఎక్కువ. పిల్లల సంగతి వేరు. గురకపెట్టే పిల్లల్లో టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) తీయడమే చాలావరకు మొదటి చికిత్స. వాళ్లకు ఏహెచ్ఐ 1 దాటినా పట్టించుకోవాలి.

ప్రశ్న: లారీ నడుపుతాను, చెన్నై – విశాఖ హైవే మీదే రాత్రి డ్యూటీలు. ఈ మధ్య స్టీరింగు మీదే కళ్లు మూతపడుతున్నాయి. పగలు నిద్ర కోసం ఆల్ప్రాజోలం వేసుకుంటున్నాను.
– ఆటోనగర్, విజయవాడ

జవాబు: తమ్ముడూ, పరీక్ష అయ్యేదాకా రాత్రి బండి ఎక్కకు. స్టీరింగు మీద రెప్ప పడటం ఒక్కసారి జరిగినా అది హెచ్చరికే. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం, మొహం కడుక్కోవడం, వీటితో కొన్ని నిమిషాలకు మించి నిద్ర ఆగదు. మగత రాగానే బండిని హైవే పక్కన సురక్షితమైన చోట ఆపి ఇరవై నిమిషాలు పడుకో. అది ఆ పూటకే.

ఆల్ప్రాజోలం గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది, ఊపిరి ఆగినప్పుడు మేలుకొలిపే ప్రతిచర్యనూ మందగింపజేస్తుంది. మందు తాగినా అంతే. అయితే రోజూ వేసుకుంటున్నావు కాబట్టి ఒక్కసారిగా మానొద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరుకు మోతాదు చెప్పి మెల్లగా తగ్గించుకో. పగలు పడుకునేవారు పరీక్ష కూడా పగలే చేయమని ల్యాబ్‌ను అడగొచ్చు. చికిత్స మొదలయ్యాక మెషీన్‌ను బండిలో వెంట తీసుకెళ్లు. 24 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించకు, ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చే కన్వర్టరే వాడాలి. రాత్రి డ్యూటీకి ఎప్పుడు తిరిగి వెళ్లాలో డాక్టరు డేటా చూసి చెప్పాలి.

ప్రశ్న: వచ్చే నెల పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్. సీపాప్ వాడుతున్నానని సర్జన్‌కు చెప్పాలా?
– ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: సర్జన్‌కే కాదమ్మా, మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు జరిగే పరీక్షకు నిద్ర రిపోర్టు, మెషీన్ ప్రెషర్ కాగితం పట్టుకెళ్లండి. ఆసుపత్రికి మీ మెషీన్, మీ మాస్కు, గొట్టం తెచ్చుకోండి, వాటి మీద మీ పేరు రాసి అతికించండి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే కొన్ని నొప్పి మందులు శ్వాసను నెమ్మదింపజేస్తాయి. అందుకే తెలివి వచ్చాక పడుకునే ప్రతిసారీ, పగటి కునుకైనా సరే, మాస్కు పెట్టుకోవాలి. తల కొంచెం ఎత్తుగా ఉంచమని, వేలికి ఆక్సిజన్ క్లిప్పు రాత్రంతా ఉంచమని నర్సుకు చెప్పండి. మాస్కు పెట్టడం, సర్దడం మీ ఇంట్లో ఒకరికి ఇప్పుడే నేర్పండి. ఆపరేషన్ రాత్రి మీ చేతికి సెలైన్ ఉంటుంది, పట్టీలు మీరే సర్దుకోవడం కష్టం.